దేవుని ఏర్పాటు, మానవుని చిత్తము : జాన్ వెస్లీగారి జీవిత పాఠము

ఈ నూరేళ్ళ పండుగ సంచికకు ఒక భక్తుని చరిత్ర వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, మనకందరికీ పేరు తెలిసిన వ్యక్తినే మేము ఎన్నుకొన్నాము. మన ఇండ్లలో ఎంతోమంది పిల్లలకు వెస్లీ అని పేరు పెట్టుకొన్నాము. ఆ పేరు గల దేవాలయములు మన తెలుగు నేలమీద ఉన్నవి. అయినను మేము ఆయనను ఎన్నుకొన్నది పేరును బట్టి కాదు, మమ్మును చాలాకాలము వెంటాడిన ఒక ప్రశ్నను బట్టి.

మేము పరిచర్యలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో ఒక పల్లె సంఘములో పనిచేశాము. అక్కడ ఒక సంఘపెద్ద ఉండేవారు. ప్రార్థనాపరుడు, వాక్యము ఎరిగినవాడు. ఆయన పెద్దకుమారుడు త్రాగుడుకు అలవాటుపడి, భార్యాపిల్లలను విడిచి, గుడి గడప తొక్కడం మానుకొన్నాడు. ఒకనాటి సాయంత్రము ఆ పెద్దాయన మా ఇంటి అరుగుమీద కూర్చుండి, ఇకమీదట కుమారుని కొరకు ప్రార్థన చేయదలచుకోలేదని చెప్పారు. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయము చదివిన తరువాత ఆయనకు ఒక అనుమానము పుట్టినదట. దేవుడు జగత్తు పునాది వేయకముందే తనవారిని ఏర్పరచుకొన్న పక్షమున, ఆ ఏర్పాటులో తన కుమారుడు ఉన్నాడో లేడో ఎప్పుడో తేలిపోయినది గదా, ఉంటే తానే వస్తాడు, లేకపోతే ప్రార్థించి ప్రయోజనమేమి అని ఆయన అడిగారు. మేము అప్పటికి కళాశాలనుండి కొత్తగా వచ్చినవారము. అగస్టీను మొదలుకొని కాల్విను వరకు, అర్మీనియసు మొదలుకొని డార్ట్ సభ వరకు చదివిన పాఠమంతా ఒప్పజెప్పాము. ఆయన మర్యాదగా విని, లేచి వెళ్ళిపోయారు. పాఠము సరియైనదే. తండ్రికి కావలసినది మాత్రము అందులో లేదు.

ఈ ప్రశ్న ఆ పెద్దాయనతో పుట్టినది కాదు. సుమారు మూడువందల సంవత్సరముల క్రిందట ఇంగ్లండు దేశములో ఇదే ప్రశ్న ఇద్దరు ప్రాణస్నేహితులను విడదీసినది. వారిలో ఒకరి జీవితమును, ఈ ప్రశ్న వెలుగులో, క్లుప్తముగా చెప్పుకొందాము.

అగ్నిలోనుండి తీయబడిన బాలుడు

జాన్ వెస్లీగారు 1703 జూన్ నెలలో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అను చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి సామ్యూల్ ఆ ఊరి గురువు. తల్లి సుసన్నా గొప్ప విద్వాంసుడైన ఒక ప్యూరిటన్ బోధకుని కుమార్తె. ఆమెకు చాలామంది బిడ్డలు పుట్టారు, అనేకులు పసితనములోనే చనిపోయారు.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి గురువుగారి ఇల్లు అంటుకొన్నది. తల్లిదండ్రులు, పిల్లలు, పనివారు బయటపడిన తరువాత లెక్క చూచుకొంటే ఐదేండ్ల జాన్ లేడు. తండ్రి మెట్లెక్కబోయాడు. అవి అప్పటికే మండుతున్నవి. చేయునది లేక అక్కడనే మోకరించి, బిడ్డ ఆత్మను దేవునికి అప్పగించాడు. పైగదిలో మేలుకొన్న బాలుడు ద్వారము దగ్గర మంటలు చూచి, కిటికీ దగ్గరనున్న పెట్టె మీదికి ఎక్కి నిలుచున్నాడు. క్రిందనున్నవారు వానిని చూచారు. నిచ్చెన తెచ్చుటకు వేళ లేదు. ఒకని భుజములమీద మరియొకడు ఎక్కి, చేతులు చాచి బిడ్డను లాగుకొన్నాడు. ఆ వెనువెంటనే ఇంటికప్పు లోపలికి కూలినది.

వెస్లీగారు తన జీవితకాలమంతా ఈ సంగతి మరువలేదు. అగ్నిలోనుండి తీయబడిన కొరవి అను జెకర్యా ప్రవక్త మాటను ఆయన తనకు అన్వయించుకొన్నారు. తల్లియు ఆ బిడ్డను దేవుడు ఏదో పనికొరకు మిగిల్చాడని నమ్మి, వాని ఆత్మ విషయమై ప్రత్యేక శ్రద్ధ తీసుకొన్నారు. ఒక సంగతి గమనింపదగినది. ముందుగా నిర్ణయించు దేవుడు అను బోధను తరువాతి కాలములో అంతగా ఎదిరించిన ఈ మనుష్యుడు, దేవుని హస్తము తనమీద ముందుగానే ఉన్నదని పసితనమునుండియు నమ్మినవాడే.

తల్లి వ్రాసిన ఉత్తరము

వెస్లీగారు 1720లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో చేరారు. 1725లో డీకను అభిషేకమునకు సిద్ధపడుచుండగా, ఇంగ్లండు సంఘపు ముప్పది తొమ్మిది విశ్వాస సూత్రములను శ్రద్ధగా చదివారు. వాటిలో పదునేడవది దేవుని ముందు నిర్ణయమును గూర్చినది. అప్పటికి ఆయనకు 22 సంవత్సరములు. దేవుడు కొందరిని నిత్యజీవమునకు నిర్ణయించిన యెడల మిగిలినవారి గతి ఏమి, వారిని నాశనమునకే పుట్టించాడా, అట్లయితే ఆయన న్యాయము ఎక్కడ, కనికరము ఎక్కడ అని ఆయన కలతచెంది తల్లికి వ్రాశారు.

సుసన్నాగారి ప్రత్యుత్తరము తేటగా ఉన్నది. మనుష్యుని పాపమునకు దేవుని కారకునిగా చేయు బోధ ఏదైనను దేవుని స్వభావమునకు విరుద్ధమని ఆమె వ్రాశారు. దేవుడు ఏర్పరచుకొన్నది నిజమే, కాని రోమా 8:29 ప్రకారము ఎవరు విశ్వసిస్తారో ఆయన ముందుగా ఎరిగి నిర్ణయించాడని ఆమె గ్రహింపు. రేపు సూర్యుడు ఉదయించునని మనకు ముందే తెలియును గదా. మనకు తెలియుటవలన సూర్యుడు ఉదయించుట లేదు. అట్లే దేవుడు ముందుగా ఎరుగుట ఎవని నాశనమునకును కారణము కాదని ఆమె వివరించారు. వంటయింటిలో, పిల్లల పాఠముల మధ్య జీవితము గడిపిన తల్లి ఇచ్చిన ఈ సమాధానము కుమారునికి చివరివరకు నిలిచినది. మన స్త్రీల మైత్రి సభ్యులు దీనిని గమనింతురుగాక.

అయితే సిద్ధాంతము తేలినంతమాత్రాన ఆత్మకు నెమ్మది కలుగలేదు. ఆక్స్‌ఫర్డులో ఆయన, తమ్ముడు ఛార్లెస్, మరికొందరు యువకులు కూడి ఉపవాసములు, బైబిలు పఠనము, చెరసాల దర్శనము, బీదల సహాయము ఒక పద్ధతి ప్రకారము చేసేవారు. అందుచేతనే ఇతరులు వారిని ఎగతాళిగా మెథడిస్టులు అన్నారు. ఆ గుంపులో చేరిన మరియొక యువకుడు జార్జి విట్‌ఫీల్డ్. 1714లో గ్లోస్టరు పట్టణములో ఒక సత్రములో పుట్టి, ఆక్స్‌ఫర్డులో ధనవంతుల పిల్లలకు ఊడిగము చేయుచు చదువుకొన్నవాడు. వయస్సులో వెస్లీగారికంటె పదకొండేండ్లు చిన్న. ఇద్దరికీ అన్నదమ్ములవంటి ప్రేమ కుదిరినది.

1735లో వెస్లీగారు అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్ళారు. దారిలో తుపాను చెలరేగినప్పుడు, ఓడలోనున్న మొరేవియను విశ్వాసులు భయపడక పాటలు పాడుట చూచి, తనకు అటువంటి విశ్వాసము లేదని తెలిసికొన్నారు. జార్జియాలో పని విఫలమైనది. 1738లో నిరాశతో తిరిగి వచ్చారు. ఆ సంవత్సరము మే 24 సాయంకాలము లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటమునకు అయిష్టముగానే వెళ్ళారు. అక్కడ రోమా పత్రికకు లూథరుగారు వ్రాసిన పీఠికను ఒకరు చదువుచుండగా, ఆయన హృదయము వింతగా వెచ్చబడినది. క్రీస్తు తన పాపములను, తనవే, తీసివేశాడను నిశ్చయము కలిగినది.

ఈ సంగతిని కొంచెము ఆగి ఆలోచించాలి. పదమూడేండ్లు తన చిత్తబలముతో పరిశుద్ధత కొరకు శ్రమించిన మనుష్యునికి రక్షణ తన శ్రమవలన రాలేదు. అది వచ్చినది, ఆయన పొందాడు. ఇష్టములేకనే నడిచి వెళ్ళాడు, కాని నడిచి వెళ్ళాడు. మానవుని చిత్తమును గూర్చి వెస్లీగారు తరువాత చెప్పినదంతా ఈ రెండు మాటల మధ్యనే తిరుగుచున్నదని మాకు తోచుచున్నది.

బొగ్గుగనుల నడుమ

1739 ప్రారంభములో విట్‌ఫీల్డుగారు బ్రిస్టల్ పట్టణమునకు సమీపమున కింగ్స్‌వుడ్‌లో బొగ్గుగని కార్మికులకు ఆరుబయట ప్రసంగింపసాగారు. వారికి గుడి లేదు, బడి లేదు, వారిని అడిగిన గురువు లేడు. ప్రసంగము వినుచుండగా బొగ్గు పట్టిన వారి నల్లని ముఖములమీద కన్నీరు తెల్లని చారలు చేయుట తాను చూచానని విట్‌ఫీల్డుగారు వ్రాశారు. అమెరికాకు వెళ్ళవలసియున్నందున ఆయన ఆ పనిని కొనసాగింపుమని వెస్లీగారిని పిలిచారు. ఆత్మలను గుడిలోగాక బయట రక్షించుట దాదాపు పాపమని తలచిన వెస్లీగారు, ఏప్రిల్ 2న సిగ్గువిడిచి ఆరుబయట నిలిచి ప్రసంగించారు. ఆ విధముగా తన జీవితకార్యమునకు ఆయనను పిలిచినది విట్‌ఫీల్డుగారే.

కాని ఆ నెల గడువకమునుపే చీలిక ఆరంభమైనది. ప్రభువు ముందుగా ఏర్పరచుకొన్నవారికే రక్షణ అను కాల్వినుగారి బోధను విట్‌ఫీల్డుగారు వాక్యానుసారమని నమ్మారు. ఆయనకు అది కఠినమైన బోధ కాదు, ఆదరణ. తనవంటి సత్రపు పిల్లవానిని దేవుడు కోరి ఏర్పరచుకొన్నాడన్న ఆశ్చర్యము ఆయనను జీవితమంతా విడువలేదు. వెస్లీగారికైతే, ఆ బొగ్గుగనివారి ఎదుట నిలిచి, క్రీస్తు మీలో కొందరికొరకే చనిపోయెనేమో అను అనుమానమును మనస్సులో ఉంచుకొని ప్రసంగించుట అసాధ్యమైనది.

ఈ విషయమై బహిరంగముగా ప్రసంగించవలెనా వద్దా అని తెలియక వెస్లీగారు చీట్లు వేశారు. అపొస్తలుల కార్యములలో మత్తీయ విషయములో చేసినట్టు చీట్లు వేయుట ఆనాటి మొరేవియనుల అలవాటు. ప్రసంగించి అచ్చువేయుమని చీటి వచ్చినది. మానవుని స్వేచ్ఛను సమర్థించుటకు బయలుదేరినవాడు తన నిర్ణయమును చీటికి వదలుట మనకు వింతగా ఉండవచ్చును. భక్తులు కూడ మనవంటి మనుష్యులే.

రోమా 8:32 ఆధారముగా ఉచితమైన కృప అను పేరుతో ఆయన ప్రసంగించారు. దేవుని కృప అందరిలో ఉచితము, అందరికొరకు ఉచితము అన్నది దాని సారాంశము. ముందు నిర్ణయము నిజమైన పక్షమున బోధ వ్యర్థము, పరిశుద్ధతకై ప్రయాసము వ్యర్థము, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవలెనన్న ఆతురత చల్లారును, అన్నిటికంటె దేవుని ప్రేమామయుడని చెప్పుటయే అబద్ధమగునని ఆయన తీవ్రముగా వాదించారు. అచ్చువేయవద్దని విట్‌ఫీల్డుగారు బ్రతిమాలుచు వ్రాశారు. ఆయన అమెరికాకు ఓడ ఎక్కిన తరువాత వెస్లీగారు దానిని అచ్చువేయించారు.

మేము వెస్లీగారి పక్షమువారమే అయినను, ఇక్కడ ఆయన తప్పిపోయారని చెప్పక తప్పదు. స్నేహితుడు లేని సమయములో అచ్చువేయుట ఒక తప్పు. స్నేహితుడు పట్టుకొన్న బోధను అతడు పట్టుకొన్నట్టు గాక దానికి వీలైనంత వికారమైన రూపములో చిత్రించుట రెండవ తప్పు. ఎందుకనగా విట్‌ఫీల్డుగారు ఎవరికిని క్రీస్తును నిరాకరించలేదు. ఏర్పరచబడినవారెవరో మనకు తెలియదు గనుక అందరికీ ప్రకటించవలెనని ఆయన వాదము. ఆ ప్రకారమే ఆయన పదమూడుసార్లు అట్లాంటిక్ మహాసముద్రము దాటి, చనిపోవు ముందు దినమువరకు ప్రకటించారు.

చీలిక

1740 డిసెంబరు 24న విట్‌ఫీల్డుగారు జార్జియానుండి ప్రత్యుత్తరము వ్రాశారు. 1741లో అది లండనులో అచ్చయినది. అందులో చీట్ల సంగతి బయటపెట్టారు. రహస్యముగా తెలిసినదానిని వీధికెక్కించినందుకు ఆయన తరువాత క్షమాపణ కోరారు. అంతకుముందే విట్‌ఫీల్డుగారు వ్రాసిన ఒక సొంత ఉత్తరమును ఎవరో ఆయన అనుమతి లేకుండ అచ్చువేసి, వెస్లీగారి ప్రార్థనా స్థలమైన ఫౌండరీ వాకిట పంచిపెట్టారు. వెస్లీగారు ఆ కాగితమును పట్టుకొని, విట్‌ఫీల్డ్ ఇక్కడ ఉంటే ఏమి చేయునో తానును అదే చేయుదునని చెప్పి, అందరి ఎదుట చింపివేశారు. వచ్చినవారందరు తమ చేతులలోనివి చింపివేశారు. ఆ మాత్రము ప్రేమ ఇంకను మిగిలియున్నది.

కాని ఆ మార్చి నెలలో విట్‌ఫీల్డుగారు తిరిగివచ్చినప్పుడు, ఇద్దరము రెండు వేర్వేరు సువార్తలు ప్రకటించుచున్నాము గనుక చేయి కలుపలేనని ముఖాముఖిగా చెప్పివేశారు. కింగ్స్‌వుడ్ సంఘము చీలినది. ఒకే బొగ్గుగనిలో పనిచేయువారు ఆదివారమున రెండు చోట్ల కూడుకొన్నారు. ఒకరి ప్రార్థనకు మరియొకరు ఆమేన్ చెప్పుట మానివేశారు. దేవుని కృప విశాలమా, స్థిరమా అని వాదించుకొన్నవారు ఆ కృపను ఒకరియెడల ఒకరు చూపలేకపోయిరి.

ముందుగా వచ్చు కృప

వెస్లీగారి అసలు బోధ ఏమిటో ఇక్కడ తెలిసికొనుట అవసరము. ఎందుకనగా చాలామంది అనుకొనునట్లు, మనుష్యుడు తన స్వశక్తితో దేవుని ఎన్నుకొనగలడని ఆయన ఎన్నడును బోధింపలేదు. అది పెలాగియసు బోధ. అయిదవ శతాబ్దములో సంఘము దానిని త్రోసివేసినది. 1745లో తన సహకారులతో జరిపిన సమావేశములో వెస్లీగారు ఒక సంగతి స్పష్టముగా ఒప్పుకొన్నారు. మేలైనది సమస్తము దేవుని ఉచితకృపవలననే, కృపకు ముందు మనుష్యునిలో స్వాభావికమైన స్వేచ్ఛ లేదు, మనుష్యుని యోగ్యత ఏమియు లేదు. ఇంతవరకు తాను కాల్వినువారికి వెంట్రుకవాసి దూరములోనే ఉన్నానని ఆయన అన్నారు.

అయితే భేదము ఎక్కడ? కాల్వినువారి ప్రకారము, ఆ కృప ఏర్పరచబడినవారికే వచ్చును, వచ్చినప్పుడు దానిని ఎవడును కాదనలేడు. వెస్లీగారి ప్రకారము, కృప ప్రతి మనుష్యునికి ముందుగానే వచ్చును. మనస్సాక్షి పొడుచుట, తప్పుచేసినప్పుడు రాత్రి నిద్రపట్టకపోవుట, దేవుని కొరకు మొదటి చిన్న కోరిక, ఇవన్నియు మన సొంతము కావు, అవి ముందుగా వచ్చు కృప చేయు పని. చచ్చిన చిత్తమునకు ఆ కృప కొంత ఊపిరి పోయును. ఆ ఊపిరితో మనుష్యుడు ఔననవచ్చును, కాదనవచ్చును. ఔనన్నవాడు అతిశయించుటకు ఏమియు లేదు, ఎందుకనగా ఔననుటకు శక్తి కూడ ఇవ్వబడినదే. కాదన్నవాడు దేవునిమీద నెపము వేయుటకు వీలులేదు.

1752లో ముందు నిర్ణయమును గూర్చి నెమ్మదిగా యోచించి వ్రాసిన గ్రంథములోను, 1785లో ఫిలిప్పీ 2:12-13 మీద ప్రకటించిన ప్రసంగములోను ఆయన దీనిని విశదపరచారు. పౌలు ఆ చోట రక్షణను కొనసాగించుకొనుడని ఆజ్ఞాపించుచు, దేవుడే మీలో కార్యసిద్ధి కలుగజేయుచున్నాడని హేతువు చెప్పుచున్నాడు. దేవుడు పనిచేయుచున్నాడు గనుక మనము ఊరకుండవచ్చునని కొందరు తలచుదురు. వెస్లీగారు దీనిని తిరుగవేశారు. ఆయన పనిచేయుచున్నాడు గనుకనే మనకు శక్తి కలదు, కాబట్టి మనకు సాకు లేదు.

మన నాలుకమీద ఆడు మాట ఒకటి ఉన్నది, తలవ్రాత. క్రైస్తవ ఇండ్లలో కూడ పరీక్ష తప్పినప్పుడు, సంబంధము తప్పిపోయినప్పుడు ఈ మాట వినబడును. మన బైబిలులోని ఏర్పాటు తలవ్రాత కాదు. తలవ్రాతకు ముఖము లేదు, చెవులు లేవు, దానికి మొరపెట్టుకొనలేము. ఎఫెసీ పత్రికలో ఏర్పరచుకొన్నవాడు తండ్రి. ఆయన ఏర్పరచుకొన్నది క్రీస్తునందు. కాల్వినుగారు కూడ తలవ్రాతను బోధింపలేదు. ఏర్పాటును గూర్చిన నిశ్చయము కావలసినవాడు పరలోకపు రహస్యములను తవ్వక క్రీస్తువైపు చూడవలెనని ఆయనయు బోధించారు. ఈ విషయములో వెస్లీ, కాల్వినుల మధ్య భేదము లేదు.

సమాధి ఉంగరము

సంవత్సరములు గడిచినవి. వెస్లీగారు గుఱ్ఱముమీద ఊరూరా తిరిగారు. జీవితకాలములో సుమారు 2,50,000 మైళ్ళు ప్రయాణము చేసి, 40,000 ప్రసంగములు చేశారని అంచనా. విట్‌ఫీల్డుగారును అట్లే శ్రమించారు. ఇద్దరికీ కొట్టినవారు ఒక్కరే, తిట్టినవారు ఒక్కరే. వాదములో వేడి తగ్గినది. ఒకరి సిద్ధాంతము మరియొకరు ఒప్పుకొనలేదు. అయినను 1750 నాటికి లండనులో ఒకే ఆరాధనలో ఒకరు ప్రార్థనలు చదువగా మరియొకరు ప్రసంగించిరి.

1770 సెప్టెంబరు 30న విట్‌ఫీల్డుగారు అమెరికాలోని న్యూబరీపోర్టులో ప్రభువునందు నిద్రించారు. ఆయన వీలునామాలో వెస్లీ సోదరులిద్దరికి చెరియొక సంతాప ఉంగరము వ్రాసిపెట్టారు. కొన్ని బోధలలో అభిప్రాయభేదమున్నను, హృదయమందు విడిపోని ఐక్యతకు గురుతుగా అది ఇచ్చుచున్నట్లు పేర్కొన్నారు. తన జ్ఞాపకార్థ ప్రసంగము జాన్ వెస్లీయే చేయవలెనన్న కోరికను ఆయన ముందే తెలిపియుండిరి. నవంబరు 18న వెస్లీగారు ఆ ప్రసంగము చేశారు. తామిద్దరు కలిసి ప్రకటించిన నూతన జన్మమును, విశ్వాసమువలని నీతిని గూర్చి మాటలాడారు. ముందు నిర్ణయము మాట ఎత్తలేదు. ఎత్తనందుకు విట్‌ఫీల్డుగారి పక్షమువారు కొందరు పత్రికలలో ఆయనను నిందించిరి.

ఆ సంవత్సరమే వాదము మరల రగిలినది. సత్క్రియలను గూర్చి వెస్లీగారి సమావేశము చేసిన తీర్మానములు కాల్విను పక్షమువారికి కోపము తెప్పించినవి. ఆయన పక్షమున స్విట్జర్లాండు దేశస్థుడైన ఫ్లెచరుగారు సౌమ్యముగా వ్రాశారు. ఎదుటిపక్షమున ఆగస్టస్ టాప్‌లేడీగారు మిక్కిలి కటువుగా వ్రాశారు, వెస్లీగారును అంతే కటువుగా జవాబిచ్చారు. ఆ టాప్‌లేడీగారే రాక్ ఆఫ్ ఏజెస్ అను ప్రసిద్ధ కీర్తన వ్రాసినవారు. ఆయన 1778లో, నలువది ఏండ్లు నిండకముందే క్షయవ్యాధితో మరణించారు. నేడు వెస్లీ సంఘములవారు కూడ ఆ కీర్తన పాడుచు కన్నీరు విడుచుచున్నారు. ఆ కరపత్రములను ఎవరును చదువుట లేదు.

ఒక యువగురువు ప్రశ్నలు

1784 డిసెంబరు 20న హింక్స్‌వర్త్ అను ఊరిలో వెస్లీగారిని ఒక యువగురువు కలిసికొన్నారు. కేంబ్రిడ్జి పట్టణములో పనిచేయుచున్న ఛార్లెస్ సిమియోను ఆయన. వయస్సు 25. కాల్విను బోధను అంగీకరించినవాడు. వెస్లీగారికి 81. ఆ సంభాషణను సిమియోనుగారు తరువాత వ్రాసి ఉంచారు. కత్తులు దూయుటకు ముందు కొన్ని ప్రశ్నలడుగుటకు ఆయన వృద్ధుని అనుమతి కోరారు. దేవుడు ముందుగా మీ హృదయములో ఆ కోరిక పెట్టకపోయినయెడల మీరు ఆయనవైపు తిరిగియుండెడివారా అని అడిగారు. లేదని వెస్లీగారు చెప్పారు. మీ క్రియలవలన రక్షణ పొందగలరని నిరీక్షించుచున్నారా? లేదు, క్రీస్తువలననే. మొదట క్రీస్తు రక్షించినను తరువాత మిమ్మును మీరే కాపాడుకొనవలెనా? కాదు, మొదటినుండి చివరివరకు ఆయనే. అయితే తల్లి చేతులలో పసిబిడ్డవలె దేవుని శక్తియే మిమ్మును మోయవలెనా? అవును, పూర్తిగా. అట్లయితే నా కాల్విను బోధ అంతా ఇదే, కత్తి ఒరలో పెట్టుచున్నాను అని సిమియోనుగారు ముగించారు.

పుస్తకములలో ఆ భేదము తీరలేదు, ఇప్పటికిని తీరలేదు. అదే సంవత్సరము అమెరికా మెథడిస్టుల కొరకు విశ్వాస సూత్రములను కుదించినప్పుడు, వెస్లీగారు పదునేడవ సూత్రమును విడిచిపెట్టిరి. అయినను మోకాళ్ళమీద ఇద్దరును ఒకే మాట పలుకుచున్నారని ఆ యువకుడు కనిపెట్టెను. ప్రార్థించునప్పుడు వెస్లీవారు సమస్తమును దేవునికే ఆపాదించుదురు. ప్రసంగించునప్పుడు కాల్వినువారు వినువారందరిని రమ్మని పిలుచుదురు.

వెస్లీగారు 1791 మార్చి 2న, 87 సంవత్సరముల వయస్సున, లండనులో ప్రభువునందు నిద్రించారు. బానిస వ్యాపారమును ఎదిరింపుమని విల్బర్‌ఫోర్సుగారికి ఉత్తరము వ్రాసి ఆరు దినములే అయినది. మనుష్యుడు ఎవడును నాశనమునకు పుట్టింపబడలేదని నమ్మినవాడు, మనుష్యుడు ఎవడును సంకెళ్ళకు పుట్టింపబడలేదని చివరివరకు నమ్మెను.

మన దేశములో

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. కేంబ్రిడ్జిలోని ఆ సిమియోనుగారు 1799లో చర్చి మిషనరీ సొసైటీ ఏర్పడుటకు ముఖ్య ప్రేరకులలో ఒకరు. ఆ సొసైటీవారు 1841లో మచిలీపట్నమునకు వచ్చారు. కాల్విను సంప్రదాయములో పెరిగిన లండను మిషనువారు 1805లో విశాఖపట్నమునకు, 1822లో కడపకు వచ్చారు. వెస్లీగారి సంతతివారు 1879లో సికింద్రాబాదుకు వచ్చి, తరువాత మెదకు ప్రాంతమంతట పల్లెలలో పనిచేసి, 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన ఆ మహాదేవాలయమును కట్టిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ మూడు పాయలు ఒక్కటైనవి. ముందు నిర్ణయమును గూర్చి ఎవరి పక్షము గెలిచినదని అప్పుడు తేల్చుకొనలేదు. తేల్చుకొనకయే ఒకే బల్లయొద్ద మోకరించిరి. కింగ్స్‌వుడ్ బొగ్గుగనివారు చేయలేకపోయినది మన తాతలకు దేవుడు అనుగ్రహించాడు.

క్రిస్మసు తెల్లవారుజామున మనము దూత పాట పాడుడీ అని ఎలుగెత్తి పాడుదుము గదా. దాని మూలమైన ఆంగ్లకీర్తనను 1739లో, చీలిక మొదలైన ఆ సంవత్సరమే, ప్రచురించినవారు ఛార్లెస్ వెస్లీగారు. 1753లో దాని మొదటి పాదమును మార్చి, నేడు లోకమంతట పాడు రూపమిచ్చినవారు విట్‌ఫీల్డుగారు. మనకు తెలియకనే ఇద్దరి పాటను ఒక్క నోటితో పాడుచున్నాము.

ఇక ఆ పెద్దాయన ప్రశ్న. ఈనాడు ఆయన మా అరుగుమీదికి వచ్చినయెడల మేము డార్ట్ సభను గూర్చి చెప్పము. ఎప్‌వర్త్‌లో మండుచున్న ఇంటి సంగతి చెప్పుదుము. ఆ బాలుడు తన్ను తాను రక్షించుకొనలేదు. భుజములు, చేతులు ఇతరులవి. ఆ చేతులు రాకముందే వానిని మేలుకొలిపినది దేవుని కృపయే అని మేము నమ్ముచున్నాము. అయినను వాడు పెట్టె ఎక్కి కిటికీ దగ్గరకు వచ్చాడు. క్రిందనున్నవారు, వీడు బ్రదుకవలెనని వ్రాసియున్నదా లేదా అని విచారింపలేదు. ఒకని భుజములమీద ఒకడు ఎక్కినాడు. ప్రార్థన చేయు తండ్రి పని, సంఘము పని అదే. కుమారుని పేరు ఏ గ్రంథములో వ్రాయబడినదో చూచుట మన పని కాదు. మనము ప్రార్థించుటకు ప్రేరేపింపబడుటయే దేవుడు వానిని ఇంకను విడువలేదనుటకు గురుతు అని ఆ దినమున ఆయనతో చెప్పి, ఆయనతోకూడ మోకరించవలసియుండెను.

అట్లు చేయలేదు. మేము ఆ సంఘమునుండి బదిలీ అయిన కొంతకాలమునకు ఆయన ప్రభువును చేరుకొన్నారు. మరల కుమారుని కొరకు ప్రార్థించారో లేదో మాకు తెలియదు. ఆ కుమారుడు ఇంకను బ్రదికియున్నాడు. మేము దినదినము అతని పేరు ఎత్తుచున్నాము. ఈ నూరేళ్ళ పండుగ దినమున మన ఆలయములు నిండియుండును. ఎవరెవరి కుమారులు, కుమార్తెలు రాలేదో ప్రతి ఇంటివారికి తెలియును. వారి ప్రార్థనను ఎవరును మానివేయకుందురుగాక.